బొమ్మల సినిమాకు టీచరుగారి తర్జుమా

ఏలూరులో ఏసీ హాలులో కూర్చుంటే నాకు ముందు అరికాళ్ళు చల్లబడతాయి. మొన్న ఆదివారం మ్యాట్నీలోనూ అంతే. పక్క సీటులో మా అమ్మాయి కీర్తన ఒళ్ళోంచి పాప్‌కార్న్ వాసన వస్తోంది. నేను చెప్పులు విడిచి కాళ్ళు పైకి ముడుచుకుంటున్నాను. అప్పుడు తెర మీద పడవ గడ నీళ్ళలో దిగిన చప్పుడైంది. బుడుంగుమని దిగి, అడుగున బురదలో ఒక్క క్షణం ఆగి, పైకి తీసేటప్పుడు నీళ్ళు కారే చప్పుడు. కొల్లేటి లంకలో పుట్టినదాన్ని, అదేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ పడవ కొల్లేటిది కాదు, జపానుది. అందులో తొమ్మిదేళ్ళ పిల్ల ఒళ్ళో అన్నం డబ్బా పెట్టుకుని కూర్చుంది. సరస్సు అవతల ఆసుపత్రిలో ఉన్న అమ్మకు భోజనం తీసుకెళుతోంది. ఆ పిల్లను నేను ముప్పై అయిదేళ్ళుగా ఎరుగుదును. నేను మొదట చూసినప్పుడు అది చేత్తో గీసిన బొమ్మ.

ఆ పాత బొమ్మల సినిమానే ఇప్పుడు నిజం మనుషులతో మళ్ళీ తీసి, తెలుగు మాటలు పెట్టి వదిలారు. ఇంటర్ చదువుతున్న కీర్తనకు జపాను బొమ్మల సినిమాలంటే పిచ్చి. “పాతదానికీ దీనికీ తేడా చూద్దాం రామ్మా” అని లాక్కొచ్చింది. నేను వచ్చింది మాత్రం ఒక్క ఘట్టం కోసం. చివర్లో ఆ పిల్ల ఆసుపత్రికి వెళ్ళేసరికి అమ్మ మంచం ఖాళీగా ఉంటుంది. దాన్ని వీళ్ళు ఏం చేశారో చూడాలనిపించింది. చిన్నప్పుడు ఆ సినిమాలో మాటలన్నీ నాకు తెలుగులో చెప్పినావిడ కరుణామణి టీచరుగారు. ఆవిడకు జపాను భాషలో ఒక్క ముక్క రాదు.

కైకలూరు అవతల మా లంకలో టీచరుగారిని ఎరగనివాళ్ళు లేరు. బడిలో అయిదో తరగతి పంతులమ్మ, ఆదివారం సండే స్కూలు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎర్రటి అంచు తెల్లచీర, చంకలో బైబిలు, నడక చూస్తే బస్సు తప్పిపోతున్నట్టే ఉండేది. వీటన్నిటికీ మించి ఆవిడ పేరు మోగింది తర్జుమాకు. ఏడాదికోసారి మా చర్చికి ఎవరో ఒక దొరగారు ప్రసంగం చెయ్యడానికి వచ్చేవారు. ఆయన ఇంగ్లీషులో ఒక్కో మాట చెప్పి ఆగితే, పక్కన నిలబడి టీచరుగారు తెలుగులో చెప్పాలి. దొరగారు ఒక మాట చెబితే ఈవిడ మూడు చెప్పేవారు. ఆయన చెయ్యి ఎత్తితే ఈవిడా ఎత్తేవారు. ఒకసారి దొరగారు తమ దేశంలో మంచు కురిసి దారి మూసుకుపోయిన కథ చెప్పారు. టీచరుగారు దాన్ని తుఫాను చేశారు. గుడిసెలు లేచిపోయాయి, గొడ్లు కొట్టుకుపోయాయి, ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. దొరగారు తన ప్రసంగానికి ఇంత బలం ఉందా అని బిత్తరపోయి చూశారు. తరవాత మేము అడిగితే టీచరుగారు, “మంచంటే మన లంకోళ్ళకేం తెలుసే? తుఫానంటే ఒళ్ళు జలదరిస్తుంది,” అన్నారు. ఊరంతా “దొరగారి కంటే టీచరుగారే బాగా చెప్పారండీ” అనేది. ఆ మాట చెవిన పడితే ఆవిడ మొహం వెలిగిపోయేది.

ఆవిడ తమ్ముడు ఓడలో వంటవాడు. ఒకసారి సెలవుకు వస్తూ టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు తెచ్చి అక్కకు ఇచ్చాడు. అందులో ఒకటి ఈ జపాను బొమ్మల సినిమా. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా లేవు. సండే స్కూలు అయ్యాక మమ్మల్ని పదిమందిని తన వసారాలో చాప మీద కూర్చోబెట్టి, టీవీ పక్కన, దొరగారి పక్కన నిలబడ్డట్టే నిలబడి, టీచరుగారు తర్జుమా మొదలుపెట్టారు.

“టీచరుగారండీ, ఆ ముసలాయన ఏమంటున్నాడండీ?”

“‘కుదురుగా కూర్చో, పడవ ఊగుద్ది’ అంటున్నాడు. పడవ నడిపేవాడు ఇంకేమంటాడే?”

“ఆ పిల్లేమందండీ?”

“‘మా అమ్మకు అన్నం చల్లారిపోతుంది, తొందరగా పోనీ తాతా’ అంది.”

ఒక్కసారి కూడా తడుముకునేవారు కాదు. మాకూ అనుమానం రాలేదు. ఇంగ్లీషు వచ్చినావిడకు జపాను మాత్రం రాదా అనుకున్నాం. పైగా ఆ సినిమా మా ఊళ్ళో జరిగినట్టే ఉండేది. పడవెక్కితే గాని మేమూ రోడ్డు చేరం. నాకైతే మరీ దగ్గర. అప్పటికి నెల రోజులుగా మా అమ్మ ఏలూరులో ఆసుపత్రిలో ఉంది. మూత్రపిండాలు చెడిపోయాయని పెద్దవాళ్ళు గుసగుసలాడుకునేవారు. నాకు మాత్రం “నీరసం, తగ్గిపోద్ది” అని చెప్పారు. నాన్న అక్కడే ఉండేవాడు. రెండు రోజులకోసారి నానమ్మా నేనూ పడవ దాటి, కైకలూరులో బస్సెక్కి, క్యారేజీ పట్టుకెళ్ళేవాళ్ళం.

సినిమా చివరికొచ్చింది. మంచం ఖాళీగా ఉంది, పరుపు చుట్టేసి ఉంది. ఒక నర్సు ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చాలాసేపు చెప్పింది. తరవాత ఆ పిల్ల ఇంటినిండా జనం, మగవాళ్ళంతా నల్లకోట్లు, ఎటు చూసినా చామంతులు, అందరికీ భోజనాలు. ఆ తరవాత పిల్ల ఒక్కతే పడవలో కూర్చుని, తెచ్చిన అన్నం తనే తినేసింది. అంతే, అయిపోయింది. ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా క్రైస్తవుల ఇళ్ళల్లో నల్లకోటు అంటే పెళ్ళికొడుకు. మే నెల ఎండలో చెమటలు కారుతున్నా విప్పడు. చావు ఇంటికి అందరం తెల్లబట్టల్లో వెళతాం. చావుకు నల్లబట్టలు కట్టే దేశం ఉంటుందని మా లంకలో ఎవరికీ తెలియదు. కాబట్టి టీచరుగారు చూసింది చూసినట్టే చెప్పారు. “వాళ్ళమ్మకు నయమైపోయింది. ఇంటికి పంపించేశారు. అందుకే మంచం ఖాళీ. ఇదిగో, కోట్లు వేసుకుని చుట్టాలొచ్చారు, విందు చేస్తున్నారు.”

“మరి అమ్మ కనపడదేంటండీ?” అని అడిగింది నేనే.

టీచరుగారు అప్పటిదాకా టీవీ వైపు చూస్తున్నారు. నా వైపు తిరిగారు. కొంచెంసేపు మాట్లాడలేదు. “లోపల పడుకుందే సలోమీ. ఇంకా నీరసంగా ఉంటుంది కదా,” అన్నారు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేను.

తరవాత పది రోజులకు నానమ్మా నేనూ క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. మెట్ల దగ్గర నానమ్మకు ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది. నేను పైకి పరిగెత్తాను. అమ్మ మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టేసి ఉంది. నేను నవ్వాను. చప్పట్లు కొట్టాను. పక్క మంచాల వాళ్ళతో, “మా అమ్మకు నయమైపోయిందండీ! ఇంటికెళ్ళిపోయిందండీ!” అని అరిచాను. అక్కడున్న నర్సు గోడవైపు తిరిగి దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. నేను నవ్వుతూనే మెట్లు దిగి, “నానమ్మా, అమ్మ ఇంటికెళ్ళిపోయిందంట!” అన్నాను. ఎవరో చెప్పినట్టు ‘అంట’ అన్నాను. నానమ్మ రెండు చేతులూ పైకెత్తి, “స్తోత్రం తండ్రీ, స్తోత్రం!” అని గట్టిగా ఏడ్చింది. ఆ చేతులు దించకముందే నాన్న ఆసుపత్రి ఆఫీసు గదిలోంచి కాగితాలు పట్టుకుని వచ్చాడు. అమ్మ తెల్లవారుజామున పోయింది. మాకు కబురు చేరేలోగానే మేము బయల్దేరిపోయాం. నానమ్మ నా చెంప మీద కొట్టింది. అంతకు ముందు ఆవిడ నన్ను ఎప్పుడూ కొట్టలేదు, తరవాతా కొట్టలేదు.

అమ్మ పోయినందుకు ఏడ్చానో, నవ్వినందుకు ఏడ్చానో నాకిప్పటికీ తెలియదు. సండే స్కూలు మానేశాను. టీచరుగారు మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడితే, “అమ్మ ఇంటికొచ్చేసింది, లోపల పడుకుంది అన్నారుగా. ఏదీ, చూపించండి!” అని అరిచాను. నాన్న నా నోరు మూయబోయాడు. ఆవిడ, “వద్దు బాబూ, అడగనీ,” అన్నారు. కానీ జవాబు చెప్పలేదు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. నా కళ్ళలో ఆవిడ అబద్ధాలకోరు. ఆ వయసులో ఒక మనిషిని ఎంత అసహ్యించుకోవచ్చో అంతా అసహ్యించుకున్నాను.

మరుసటి ఆదివారం చర్చిలో ప్రకటనలు చదవడం అయ్యాక టీచరుగారు ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడ్డారు. “నాకు జపాను భాష రాదండి,” అన్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. “రానిదాన్ని వచ్చినట్టు పిల్లలకు చెప్పాను. ఆ బొమ్మల్లో తల్లి చనిపోయిందేమోనని చివర్లో నాకు అనుమానం తగిలింది. ఈ సలోమీ మొహం చూసి ఆ మాట అనలేక ఇంకోటి అన్నాను. దొరగార్ల తర్జుమాలోనూ తెలియని చోటల్లా నా సొంతం కలిపాను. మీరు మెచ్చుకుంటుంటే నాకు బాగుండేది.”

పాస్టరుగారు ఇబ్బందిగా కదిలారు. “ఇప్పుడు అవన్నీ ఎందుకండీ టీచరుగారూ, కూర్చోండి.”

“నా మాట నమ్మి ఈ పిల్ల నవ్విందండి, అయ్యగారూ,” అన్నారావిడ. “నేను కూర్చోలేను.”

ఆరాధన అయ్యేదాకా నిలబడే ఉన్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు ఆ రోజు కోపం పోలేదు. పెద్దవాళ్ళు ఒక పిల్లకు జవాబు చెప్పడానికి ఊరందరి ముందూ లేచి నిలబడతారని మాత్రం మొదటిసారి చూశాను.

ఆ సంవత్సరం వచ్చిన దొరగారికి తర్జుమా చేస్తూ టీచరుగారు మూడుసార్లు ఆగిపోయారు. “ఈ మాట నాకు తెలియలేదండి, మళ్ళీ అడుగుతాను,” అని మైకులోనే చెప్పి, దొరగారిని అడిగి, అప్పుడు చెప్పారు. ఆయన ఒక మాట చెబితే ఒక్క మాటే. జనానికి ఉప్పులేని పప్పు తిన్నట్టైంది. “టీచరుగారికి కళ తప్పిపోయిందండీ” అన్నారు. ఆ పై ఏడాది కైకలూరు నుంచి ఒక కుర్రాడిని తర్జుమాకు పిలిచారు. అతను భలే గర్జించాడు. టీచరుగారు చాప మీద కూర్చుని విన్నారు. నేను అప్పటికి మళ్ళీ ఆవిడ పక్కన కూర్చుంటున్నాను. “మీకు బాధగా లేదా అండీ?” అని అడిగాను.

“ఎందుకు లేదే? మైకు ముందు నిలబడ్డమంటే నాకు ప్రాణం,” అన్నారు. కళ్ళు తుడుచుకుని, “ఇదిగో, ఆ అబ్బాయి ఇప్పుడు చెప్పింది దొరగారు అనలేదు,” అని నా చెవిలో చెప్పి ముసిముసిగా నవ్వారు. ఆవిడలో ఆ కొంటెతనం చచ్చేదాకా పోలేదు.

క్షమించానని చెప్పడానికి నాకు ఒక రోజంటూ లేదు. ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు తప్పాను, ఆవిడ సాయంత్రాలు రమ్మన్నారు, వెళ్ళాను. పాఠ్యపుస్తకం రెండు రోజుల్లో పక్కన పెట్టేశారు. ఒక రోజు మా అమ్మ ఆసుపత్రి కాగితాలు తెమ్మన్నారు. నాన్న వాటిని ట్రంకు పెట్టె అడుగున దాచాడు. డిక్షనరీ పెట్టుకుని ఇద్దరం వాక్యం వాక్యం చదివాం. తెలిసింది తెలుగులో చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి, ఊహించకూడదు. అదీ ఆవిడ పెట్టిన నియమం. మా అమ్మకు ఏమైందో నాకు అయిదేళ్ళ తరవాత, ఆవిడ ఇంటి అరుగు మీద, నా నోటితోనే తెలిసింది. ఏడ్చాను. భారం మాత్రం తగ్గింది. నేను నర్సింగు చదవడానికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే సేవాభావం అని చెబుతుంటాను. అసలు కారణం ఆ కాగితాలు.

ఇక మొన్నటి సినిమా. అన్యాయంగా మాట్లాడకూడదు, చాలా బాగా తీశారు. నీళ్ళు నిజం నీళ్ళు, పొగమంచు నిజం పొగమంచు, అన్నం మీద ఆవిరి కూడా కనపడింది. పాతదానిలో సరస్సంటే నాలుగు నీలిగీతలు, మనుషులకు ముక్కులు కూడా సరిగా లేవు. ఆ పిల్లగా చేసిన అమ్మాయి ముచ్చటగా ఉంది. చివరికి ఖాళీ మంచం వచ్చింది. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నర్సు చిరునవ్వు నవ్వి తలుపు వైపు వేలు చూపించింది. తలుపు తీసుకుని అమ్మ నడిచొచ్చింది! జబ్బు మనిషికి జుట్టు కూడా చెదరలేదు. ఇంటికెళ్ళారు, రంగురంగుల బట్టల్లో చుట్టాలు, విందు. మా టీచరుగారు వసారాలో చెప్పిన కథ అచ్చంగా అదే. హాలులో ఈలలు వేశారు. ముప్పై అయిదేళ్ళుగా ఆ తల్లి ఆ తలుపులోంచి రావాలని కోరుకున్నదాన్ని నేను. తీరా వస్తే నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది.

“చెడగొట్టేశారమ్మా!” అంది కీర్తన మెట్లు దిగుతూ. “ఒరిజినల్లో అమ్మ చనిపోతుంది. అదే కదా కథంతా!”

ఇంటికొచ్చాక తన ల్యాప్‌టాప్‌లో పాతది పెట్టింది. కింద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. మళ్ళీ చూడ్డానికి ఇన్నేళ్ళూ నాకు ధైర్యం చాలలేదు. టీచరుగారు కల్పించిన మాటలు చాలావరకు సరిపోయాయి! పడవ తాత నిజంగానే కుదురుగా కూర్చోమన్నాడు. చివర్లో నర్సు మోకాళ్ళ మీద కూర్చునే చోట కీర్తనను ఆపమన్నాను. చదివాను. నర్సు ఆ పిల్లను అడుగుతోంది, “నీకింకా ఎవరూ చెప్పలేదా?” అని. పిల్ల తల అడ్డంగా ఊపింది. “అయితే నేను చెబుతాను,” అంది నర్సు. ఆ తరవాత ఉన్నదున్నట్టు చెప్పింది.

కొత్త సినిమాలో నర్సుకు మాటే లేదు. తల్లిని బతికించినందుకు నాకు పట్టింపు లేదు, బతికించుకోనీ. నాకు కోపమంతా ఆ నర్సు చేత ఏమీ చెప్పించనందుకు. మా టీచరుగారూ తప్పే చెప్పారు. కానీ ఎదురుగా ఉన్న ఒక్క పిల్ల మొహం చూసి, గుండె చాలక చెప్పారు. చెప్పి, దానికి నలుగురిలో నిలబడ్డారు, ప్రాణమంత ఇష్టమైన పని పోగొట్టుకున్నారు. వీళ్ళు ఎవరి మొహం చూసి మార్చారట? కీర్తనతో ఇదంతా చెప్పాను. అది నా భుజం మీద తల పెట్టుకుని, “టీచరుగారు ఉండుంటే ఈ సినిమాకు ఏమనేవారమ్మా?” అంది. ఆవిడ లేరు. పోయి అయిదేళ్ళు.

రిటైరయ్యాక టీచరుగారు తాడేపల్లిగూడెంలో మేనల్లుడి దగ్గర ఉండేవారు. కడుపునొప్పి అని ఏలూరు తీసుకొచ్చి మా ఆసుపత్రిలోనే చేర్చారు. నాది ఆ వార్డే. డాక్టరుగారు రిపోర్టులు పట్టుకుని మంచం దగ్గర నిలబడి నాతో ఇంగ్లీషులో గబగబా చెప్పి వెళ్ళిపోయారు. మేనల్లుడు నన్ను గుమ్మంలోకి పిలిచి, “సిస్టరుగారూ, అత్తయ్యకు తెలియనివ్వకండి. గ్యాసని చెప్పండి, తట్టుకోలేదండి,” అని చేతులు పట్టుకున్నాడు. మంచి మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను సరే అనలేదు, కాదనలేదు. తిరిగి మంచం దగ్గరికి వచ్చాను.

“ఏమే సలోమీ, ఆయన మరీ తొందరగా మాట్లాడాడు, నాకు సగమే అందింది. తర్జుమా చెయ్యి,” అన్నారు టీచరుగారు.

గ్యాసు అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాట! ఆ రోజు వసారాలో నా వైపు తిరిగి ఆవిడ ఎందుకు ఆగిపోయారో నాకు అప్పుడు తెలిసింది. ఎవరి మొహమైతే మనకు ఇష్టమో ఆ మొహం చూస్తూ చెప్పడం మహా కష్టం. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“కడుపులో ఉన్నది క్యాన్సరు గడ్డ అన్నారండి.”

“ఊఁ.”

“కాలేయానికి పాకిందన్నారు.”

“ఊఁ. ఆ పైన?”

“ఆపరేషను వల్ల లాభం లేదన్నారు. నొప్పి లేకుండా చూస్తామన్నారు.”

“ఎన్నాళ్ళంట?”

“అది ఆయన చెప్పలేదండి. నాకూ తెలియదు.”

టీచరుగారు కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి, “భయంగా ఉందే,” అన్నారు. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. గుమ్మంలో మేనల్లుడు తల గోడకు ఆనించి నిలబడ్డాడు. నేను పెదవులు బిగపట్టుకుని కూర్చున్నాను. వార్డులో నర్సు ఏడవకూడదు కదా. ఆవిడ కళ్ళు తెరిచి నా మొహం చూశారు, నా మొహాన్ని ఆవిడ ఎప్పుడూ ఇట్టే చదివేసేవారు.

“చెప్పాల్సింది చెప్పేశావుగా తల్లీ,” అన్నారు. “ఇంక ఏడు.”

రెండు నెలలు బతికారు. ఇప్పటికీ మా వార్డులో ఎవరికైనా చెప్పాల్సి వస్తే, వెనక నుంచి చుట్టాలు వద్దని సైగలు చేస్తున్నా, ముందు స్టూలు లాక్కుని కూర్చుంటాను. నాకు తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. ఆ తరవాత మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడుస్తాను.